బ్రౌజర్ వేరు, సెర్చ్ ఇంజిన్ వేరు: మీకు ఏ జోడీ సరిపోతుంది?

"ఒరేయ్, నా ఫోన్‌లో గూగుల్ పోయిందిరా" అని పోయిన నెల తెనాలి నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, ఊరికే కంగారు పడే రకం కాదు.

"పోయింది ఏ బొమ్మ పెద్దమ్మా? రంగురంగుల జి అక్షరమా, మధ్యలో నీలం చుక్క ఉన్న గుండ్రటి బొమ్మా?" అని అడిగాను.

"చుక్క ఉన్నదేరా. మరి గూగుల్ అంటే అదే కదా?"

పోయింది క్రోమ్. వేలు తగిలి హోమ్ స్క్రీన్ మీద నుంచి ఆ బొమ్మ తొలగిపోయింది, అంతే. యాప్ లోపల భద్రంగానే ఉంది. గూగుల్ అయితే అసలు ఎక్కడికీ పోలేదు, పొడవాటి సెర్చ్ పెట్టె రూపంలో ఆవిడ కళ్ల ముందే ఉంది. ఈ గందరగోళానికి ఆవిడను తప్పుపట్టలేం. రెండూ ఒకే కంపెనీవి, రెండు బొమ్మల్లోనూ అవే నాలుగు రంగులు. 2009లో గూగుల్ వాళ్లే న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలబడి, దారిన పోయేవాళ్లను "బ్రౌజర్ అంటే ఏంటి?" అని అడిగారు. సరిగ్గా చెప్పినవాళ్లు నూటికి 8 మంది కూడా లేరు. చాలామంది "సెర్చ్ ఇంజిన్" అనే చెప్పారు.

"క్రోమ్ మంచిదా, గూగుల్ మంచిదా?" అని నన్ను అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కుదరదు. మీరు తేల్చుకోవాల్సినవి రెండు: ఏ బ్రౌజర్ వాడాలి, దాంట్లో ఏ సెర్చ్ ఇంజిన్ పెట్టుకోవాలి. రెండిటికీ కొలమానాలు వేరు. బ్రౌజర్ మార్చడానికి ఓ పూట పడుతుంది, సెర్చ్ ఇంజిన్ మార్చడానికి ఒక్క నిమిషం చాలు.

## అసలు తేడా ఎక్కడుంది

కొత్త ఊళ్లో బస్సు దిగారనుకోండి. మిమ్మల్ని తీసుకెళ్లే ఆటో బ్రౌజర్. "ఫలానా డాక్టర్ గారి ఇల్లు ఎక్కడండీ?" అని అడిగితే దారి చెప్పే బస్టాండ్ పక్క కిళ్ళీ కొట్టాయన సెర్చ్ ఇంజిన్. అడ్రస్ ముందే తెలిస్తే కొట్టాయనతో పనిలేదు, నేరుగా ఆటో ఎక్కి చెప్పేయొచ్చు. ఆయన ఎంత వివరంగా దారి చెప్పినా, ఆటో లేకుండా మీరు అక్కడికి చేరలేరు.

బ్రౌజర్ మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే యాప్. మీరు అడ్రస్ ఇస్తే ఆ సైట్ ఉన్న సర్వర్‌ను, అంటే దాన్ని దాచి ఉంచిన కంప్యూటర్‌ను, అడిగి పేజీ తెచ్చి చూపిస్తుంది. మీ పాస్‌వర్డ్‌లు, చూసిన సైట్ల చరిత్ర, బుక్‌మార్క్‌లు ఉండేది దాని దగ్గరే. సెర్చ్ ఇంజిన్ మాత్రం దూరంగా ఎక్కడో ఉన్న సర్వర్లలో నడిచే ఒక వెబ్‌సైట్. దాని ప్రోగ్రాములు లింకు నుంచి లింకుకు వెళ్తూ కోట్ల పేజీలు చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో పెద్ద సూచిక రాసి పెట్టుకుంటాయి. పుస్తకం చివర పదసూచిక ఉంటుందే, అలాంటిది. మీరు అడిగినప్పుడు అది అప్పటికప్పుడు ఇంటర్నెట్ మొత్తం గాలించదు, తన సూచికలో చూసి చెబుతుంది. అందుకే ఈ ఉదయం ఏదో శాఖ తన సైట్‌లో పెట్టిన నోటిఫికేషన్ మధ్యాహ్నం దాకా సెర్చ్‌లో కనిపించకపోవచ్చు. నేరుగా ఆ సైట్‌కే వెళ్తే ఉంటుంది.

బ్రౌజర్ పుట్టింది ముందు. 1990లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్ బ్రౌజర్ రాశారు. గూగుల్ కంపెనీ వచ్చింది 1998లో. మధ్యలో ఎనిమిదేళ్లు జనం గూగుల్ లేకుండానే సైట్లు చూశారు. ఒకప్పటి బ్రౌజర్లలో పైన రెండు పెట్టెలు ఉండేవి, ఒకటి అడ్రస్‌కి, ఒకటి వెతకడానికి. 2008లో వచ్చిన క్రోమ్ ఆ రెండిటినీ ఒకే పెట్టెగా కలిపేసింది. వాడటానికి సుఖంగా ఉండటంతో మిగతావాళ్లూ అదే దారి పట్టారు. మనకు మాత్రం ఆ రెండు పనుల మధ్య గీత చెరిగిపోయింది.

ఇవి రెండు వేర్వేరు వ్యాపారాలని చెప్పడానికి ఒక్క లెక్క చాలు. సఫారీ బ్రౌజర్‌లో తన సెర్చ్ ఇంజిన్‌నే ముందుగా పెట్టి ఉంచినందుకు 2022లో యాపిల్‌కు గూగుల్ ఇచ్చింది 2,000 కోట్ల డాలర్లు. అమెరికా కోర్టు కేసులో బయటపడిన అంకె ఇది. సెర్చ్‌లో గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని ఆ కేసులో జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టులో తీర్పిచ్చారు. ఫోన్ కొన్నరోజు నుంచి మీరు ముట్టుకోని ఆ సెట్టింగ్‌కు ఉన్న విలువ అది.

## మీ ఇబ్బంది దేనితో?

పేజీ సరిగ్గా తెరుచుకోకపోవడం, దరఖాస్తు అంతా నింపాక "సబ్మిట్" నొక్కితే కదలకపోవడం, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోకపోవడం, నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఫోన్ మొరాయించడం, ఇవన్నీ బ్రౌజర్ వైపు చూడాల్సిన విషయాలు. వెతికింది దొరక్కపోవడం, పైనంతా ప్రకటనలే రావడం, తెలుగులో అడిగితే సంబంధం లేనివి రావడం సెర్చ్ ఇంజిన్ సంగతి. ఒక్కసారి కుక్కర్ గురించి వెతికితే వారం రోజులు ఎక్కడ చూసినా కుక్కర్ల ప్రకటనలే వస్తున్నాయంటే మాత్రం రెండింటి పాత్రా ఉంటుంది. మీరు అడిగింది సెర్చ్ ఇంజిన్ గుర్తు పెట్టుకుంది, సైట్లు మీ వెంట పడుతుంటే బ్రౌజర్ అడ్డుకోలేదు.

## బ్రౌజర్ ఎంపిక: ముందు ఏం చూడాలి

నేను మొదట చూసేది అప్‌డేట్లు. కొత్త లోపం బయటపడిన కొద్ది రోజుల్లో దాన్ని పూడ్చే బ్రౌజర్ కావాలి, ఎందుకంటే మన బ్యాంకు లాగిన్ జరిగేది దాంట్లోనే. రెండోది, మీ దగ్గరున్న పరికరాలు. ఫోన్, ల్యాప్‌టాప్ రెండిట్లోనూ ఒకే బ్రౌజర్ ఉంటే పాస్‌వర్డ్‌లూ బుక్‌మార్క్‌లూ కలిసి వస్తాయి. ఆ తర్వాత ప్రకటనల్ని, వెంటపడే ట్రాకర్లను ఎంతవరకు ఆపుతుంది, మీ ఫోన్ ర్యామ్‌కు ఎంత బరువు.

చాలామంది పట్టించుకోని ఇంకో సంగతి, లోపలి ఇంజిన్. పేజీని గీసి చూపించే భాగం అది. పైన పేర్లు ఎన్ని ఉన్నా లోపల ప్రధానంగా ఉన్నవి మూడే.

| బ్రౌజర్ | ఎవరిది | లోపలి ఇంజిన్ | ఎందుకు తీసుకోవాలి | ఏం వదులుకోవాలి |
|---|---|---|---|---|
| క్రోమ్ | గూగుల్ | బ్లింక్ | దాదాపు ప్రతి సైట్ పనిచేస్తుంది, పేజీని తెలుగులోకి అనువదిస్తుంది | ర్యామ్ ఎక్కువ తింటుంది, ప్రకటనల కంపెనీ చేతిలో ఉంది |
| ఫైర్‌ఫాక్స్ | మొజిల్లా | గెకో | ట్రాకర్లను ఆపుతుంది, ఆండ్రాయిడ్‌లోనూ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రాములు) | కొన్ని సైట్లు దీన్ని దృష్టిలో పెట్టుకోకుండా కడతారు |
| ఎడ్జ్ | మైక్రోసాఫ్ట్ | బ్లింక్ | విండోస్‌లో ముందే ఉంటుంది, పేజీని తెలుగులో చదివి వినిపిస్తుంది | మొదటి పేజీ నిండా వార్తలు, ఆఫర్లు |
| సఫారీ | యాపిల్ | వెబ్‌కిట్ | ఐఫోన్‌లో బ్యాటరీకి మంచిది | యాపిల్ పరికరాల్లోనే |
| బ్రేవ్ | బ్రేవ్ సాఫ్ట్‌వేర్ | బ్లింక్ | ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే ప్రకటనలు ఆగుతాయి | క్రిప్టో (డిజిటల్ కరెన్సీ) వ్యవహారాలు కొందరికి చికాకు |

ఈ ఇంజిన్ల గోల మనకెందుకంటారా? ఒక సైట్ క్రోమ్‌లో మొరాయిస్తే ఎడ్జ్‌లోనో బ్రేవ్‌లోనో తెరిచి చూసి లాభం తక్కువ. అవీ బ్లింకే. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తేడా తెలుస్తుంది. మన దేశంలో ఐఫోన్ వాడేవాళ్లకైతే క్రోమ్ పెట్టుకున్నా ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా లోపల నడిచేది వెబ్‌కిట్టే. అక్కడ బ్రౌజర్ మారిస్తే బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌ల సౌకర్యం మారుతుంది గానీ పేజీ తెరుచుకునే తీరు పెద్దగా మారదు. అందుకే ఐఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు సఫారీతోనే ఉండమని చెబుతాను.

ఫైర్‌ఫాక్స్ మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉంది, దాచుకోను. 2004 నవంబరులో మొదటి వెర్షన్ వచ్చింది. ఇన్నేళ్లయినా సొంత ఇంజిన్‌ను వదులుకోకుండా నిలబెట్టుకుంటోంది. ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పూర్తి రూపం ఇప్పుడు క్రోమ్‌లో పనిచేయదు, క్రోమ్ నిబంధనలు మారాయి. దాని తేలికపాటి రూపమే అక్కడ దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అసలుదే నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా. వార్తల సైట్లు ఫోన్‌లో చదివేటప్పుడు ఈ తేడా ఎంతో తెలుసా? అదే పేజీ క్రోమ్‌లో మూడు చోట్ల కదిలే ప్రకటనలతో, కింద నుంచి పైకి లేచే వీడియోతో వస్తుంది. ఆ ఎక్స్‌టెన్షన్ వేసుకున్న ఫైర్‌ఫాక్స్‌లో వార్త ఒక్కటే ఉంటుంది. కళ్లు హాయిగా ఉంటాయి, డేటా కూడా మిగులుతుంది.

ఎడ్జ్ గురించి ఒక మాట. కంప్యూటర్‌లో "చదివి వినిపించు" నొక్కి తెలుగు గొంతు ఎంచుకుంటే, వ్యాసం మొత్తం వినొచ్చు. చూపు మందగించిన పెద్దవాళ్లకు ఇది చాలా పెద్ద ఉపకారం. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఆపేసింది కానీ, దాని కోసమే కట్టిన పాత ఆఫీసు సైట్లను నడిపించే మోడ్ ఎడ్జ్‌లో ఉంది. ఆ అవసరం ఉన్నవాళ్లకు ఇంకో దారి వెతుక్కునే పనిలేదు.

శామ్‌సంగ్ ఫోన్లలో వచ్చే శామ్‌సంగ్ ఇంటర్నెట్ మంచి బ్రౌజరే, అది కూడా బ్లింకే. డేటా ఆదా కోసం ఒపెరా మినీ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గరిష్ఠ ఆదా మోడ్‌లో మీరు చూసే పేజీలు ఒపెరా సర్వర్ల మీదుగా కుదించుకుని వస్తాయి. క్రికెట్ స్కోరుకు, వార్తలకు ఫరవాలేదు. బ్యాంకు పనికి ఆ మోడ్ వద్దు.

## సెర్చ్ ఇంజిన్ ఎంపిక: ఇక్కడ కొలతలు వేరు

ఇక్కడ ర్యామ్ గొడవ లేదు. చూడాల్సినవి: తెలుగులో అడిగితే తెలుగులో దొరుకుతుందా, మీ ఊరి సంగతులు తెలుసా, మీ గురించి ఎంత గుర్తు పెట్టుకుంటుంది, ప్రకటనకూ ఫలితానికీ తేడా స్పష్టంగా చూపిస్తుందా.

తెలుగు విషయంలో గూగుల్‌కు సాటి నాకు కనబడలేదు. మన భాషలో "గుంటూరు", "గుంటూరులో", "గుంటూరుకి", "గుంటూరు నుంచి" అని మాట తోక మారుతూ ఉంటుంది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక రకంగా టైప్ చేస్తాం. వీటిని అర్థం చేసుకోవడంలో గూగుల్ ముందుంది. 2017 నుంచి తెలుగులో మాట్లాడి కూడా వెతకొచ్చు. ఇక "దగ్గర్లో రాత్రి పూట తెరిచి ఉండే మందుల షాపు" లాంటివైతే మ్యాప్స్ సమాచారం ఉండటం వల్ల గూగులే దిక్కు. దీనికి బదులుగా మీరు ఇచ్చేది మీ అలవాట్ల చిట్టా. అకౌంట్‌లో లాగిన్ అయి వెతికితే అది మీ పేరు మీద చేరుతుంది. సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు, ఆపుకోండి కూడా.

2009లో వచ్చిన బింగ్ ఇంగ్లీషు వెతుకులాటకు బాగానే ఉంటుంది. తెలుగులో నన్ను చాలాసార్లు నిరాశపరిచింది. 2008లో మొదలైన డక్‌డక్‌గో మీరు వెతికిన చరిత్రను మీ పేరుతో దాచుకోదు. దాని ఫలితాలు చాలావరకు బింగ్ నుంచి వస్తాయి కాబట్టి తెలుగులో బలహీనతా అక్కడినుంచే వస్తుంది. ఆరోగ్యం, అప్పులు, కుటుంబ గొడవలు, ఇలా పక్కవాళ్లకు చెప్పుకోలేని విషయాలు వెతికేటప్పుడు నేను దీన్నే వాడతాను. స్టార్ట్‌పేజ్ అని ఇంకొకటి ఉంది. అది మీ తరఫున గూగుల్‌ను అడిగి, మీరెవరో చెప్పకుండా జవాబు తెచ్చిస్తుంది. గూగుల్ ఫలితాలూ కావాలి, గుట్టూ కావాలి అనేవాళ్లకు ఇది నప్పుతుంది. 2021లో వచ్చిన బ్రేవ్ సెర్చ్‌కు సొంత సూచిక ఉంది, ఇంగ్లీషు వరకు ప్రయత్నించి చూడొచ్చు. బ్రేవ్, డక్‌డక్‌గో అనే పేర్లతో బ్రౌజర్లూ ఉన్నాయి, సెర్చ్ ఇంజిన్లూ ఉన్నాయి. ఎవరైనా "డక్‌డక్‌గో వాడు" అంటే ఏది అని అడిగి తెలుసుకోండి.

ఇన్‌కాగ్నిటో మోడ్ గురించి కూడా చాలామంది పొరబడతారు. అది బ్రౌజర్ సదుపాయం. మీ ఫోన్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుంది. ఇంటర్నెట్ కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కు, మీరు వెళ్లిన సైట్‌కు మీరు కనిపిస్తూనే ఉంటారు. నెట్ సెంటర్‌లో హాల్‌టికెట్ తీసుకునేటప్పుడు ఇది తప్పక వాడండి. అంతకుమించి దానిమీద ఆశ పెట్టుకోకండి.

## ఈ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది

మా బాబాయి ఇంట్లో ఫ్రిజ్ పాడైతే సర్వీస్ నంబర్ కోసం వెతికాడు. పైన వచ్చిన మొదటి నంబర్‌కు ఫోన్ చేశాడు. అటువైపు మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడి, "పది రూపాయల రిజిస్ట్రేషన్ అండీ" అంటూ ఫోన్ స్క్రీన్ కనిపించే యాప్ ఒకటి వేయించాడు. అరగంటలో 23 వేలు పోయాయి. బాబాయి ఇప్పటికీ అనేది ఒకటే: "గూగుల్‌లో ఉంది కదరా, నిజమే అనుకున్నాను."

ఆ మాటలోనే ఉంది చిక్కంతా. సెర్చ్ ఇంజిన్ చూపించిన ప్రతిదానికీ అది పూచీ పడదు. కిళ్ళీ కొట్టాయనకు ఏ లాడ్జివాడో డబ్బిస్తే ముందు ఆ లాడ్జి పేరే చెబుతాడు కదా. ఫలితాల పైన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాల్లో ఉంటే అది డబ్బిచ్చి కొనుక్కున్న చోటు. అక్కడ మోసగాళ్లూ దూరుతున్నారు. కస్టమర్ కేర్ నంబర్ కావాలంటే బిల్లు మీదో, వస్తువు పెట్టె మీదో, ఏటీఎం కార్డు వెనకో చూడండి. సెర్చ్ పైభాగంలో ఏఐ రాసిచ్చే సంక్షిప్త జవాబులో ఉన్న నంబర్‌ను కూడా నమ్మకండి.

అడ్రస్ తెలిసిన చోటికి సెర్చ్ ద్వారా వెళ్లొద్దు. పైన పెట్టెలో అడ్రస్ పూర్తిగా టైప్ చేయండి, లేదా ఒకసారి సరిచూసుకుని బుక్‌మార్క్ పెట్టుకోండి. ప్రభుత్వ సైట్ల చివర మామూలుగా డాట్ గవ్ డాట్ ఇన్ అనో, డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్ అనో ఉంటుంది. బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ కొత్తగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే తోక తప్పనిసరి చేసింది, 2025 అక్టోబరు 31 గడువుగా. ఆ పేర్లు ఇచ్చే అధికారం ఉన్న ఒకే ఒక్క సంస్థ రిజర్వ్ బ్యాంక్ హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాళ్లకు ఆ తోక దొరకదు కాబట్టి పేజీ తెరుచుకోగానే ముందు దాన్ని చూసే అలవాటు చేసుకోండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆపే అవకాశం అంత ఎక్కువ. బాబాయి సిగ్గుపడి రెండు రోజులు మాకెవ్వరికీ చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధ అనిపించేది ఆ రెండు రోజుల గురించే.

## ఎవరికి ఏ జోడీ

ఇంట్లో పెద్దవాళ్లకు: ఫోన్‌లో అలవాటైన క్రోమే ఉంచండి, సెర్చ్‌కు గూగులే. కొత్తది పెట్టి కంగారు పెట్టొద్దు. కానీ బ్యాంకు, పెన్షన్, కరెంటు బిల్లు, ఆసుపత్రి, ఈ నాలుగింటి అసలు సైట్లను హోమ్ స్క్రీన్ మీదే బొమ్మలుగా పెట్టివ్వండి. క్రోమ్‌లో సైట్ తెరిచి, మూడు చుక్కలు నొక్కితే ఆ వీలు ఉంటుంది. పెద్దమ్మ ఫోన్‌లో నేను చేసింది అదే. ఇప్పుడు ఆవిడకు వెతికే పనే తక్కువ.

ఇంటర్, ఇంజనీరింగ్ పిల్లలకు: ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్, పక్కన క్రోమ్ కూడా. చదువుకునేది ఒకదాంట్లో, దరఖాస్తులు, ఆన్‌లైన్ పరీక్షలు రెండోదాంట్లో. కొన్ని పరీక్షల సైట్లు క్రోమే కావాలంటాయి. ఫలితాల రోజున సెర్చ్ జోలికి పోకుండా హాల్‌టికెట్ మీదున్న వెబ్‌సైట్ అడ్రస్‌నే టైప్ చేయండి.

ఆఫీసు పనికి: విండోస్ అయితే ఎడ్జ్ చాలు. సెర్చ్ బింగ్ నుంచి గూగుల్‌కు మార్చుకోండి.

2, 3 జీబీ ర్యామ్ ఫోన్లకు: ఫోన్‌తో వచ్చిన బ్రౌజర్‌నే తాజాగా ఉంచుకుని, తెరిచి వదిలేసిన ట్యాబ్‌లన్నీ మూసేయండి. ఆ పాత ట్యాబ్‌లు తీసేస్తే చాలామందికి బ్రౌజర్ మార్చే అవసరమే రాదు.

గుట్టు ముఖ్యం అనుకునేవాళ్లకు: ఫైర్‌ఫాక్స్ లేదా బ్రేవ్, సెర్చ్‌కు డక్‌డక్‌గో. తెలుగులో వెతకాల్సి వస్తే స్టార్ట్‌పేజ్.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు: బ్రౌజర్ ఏదైనా ఒకటే. సెర్చ్ ఇంజిన్ మీరున్న దేశాన్ని బట్టి ఫలితాలు మారుస్తుంది కాబట్టి, ఇక్కడి పనులు వెతికేటప్పుడు జిల్లా పేరు, మండలం పేరు కలిపి అడగండి.

## మార్చుకునేటప్పుడు

ముందు సెర్చ్ ఇంజిన్ మార్చి చూడండి, అది తేలిక. క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సెర్చ్ ఇంజిన్. ఓ వారం వాడి నచ్చకపోతే అదే దారిలో వెనక్కి రావచ్చు, ఏమీ పోదు.

బ్రౌజర్ మార్చేటప్పుడు తొందర వద్దు. కొత్తది వేసుకుని బుక్‌మార్క్‌లు తెచ్చుకోండి, సెట్టింగ్స్‌లో దాన్నే డిఫాల్ట్ చేయండి. లేకపోతే వాట్సాప్‌లో లింకు నొక్కిన ప్రతిసారీ పాతదే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్‌లను ఫైల్‌గా దించుకుని కొత్తదాంట్లోకి ఎక్కించాల్సి వస్తే ఆ పని సొంత కంప్యూటర్‌లోనే చేయండి, నెట్ సెంటర్‌లో కాదు. ఆ ఫైల్‌లో మీ పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో ఉంటాయి. ఎక్కించాక రెండు మూడు సైట్లలో లాగిన్ అయి చూసుకుని, ఫైల్‌ను డిలీట్ చేసి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి. పాత బ్రౌజర్‌ను ఇంకో నెల అలాగే ఉంచండి, ఏదో ఒక పాస్‌వర్డ్ కోసం దాని దగ్గరికి మళ్లీ వెళ్లాల్సి వస్తుంది.